గంగరాజు గారి తెల్లపొడి

కొత్తపేట నుంచి కాలవ గట్టు మీదుగా ఆటోలో వెళ్తే వచ్చే ఒక చిన్న ఊళ్ళో గంగరాజుకి ఒక పెంకుటిల్లూ, ఆరు గేదెలూ, బోలెడంత మొహమాటమూ ఉన్నాయి. ఇల్లూ గేదెలూ తండ్రి ఇచ్చిపోయినవి. మొహమాటం ఊరు నేర్పింది. మా కోనసీమ మర్యాద గురించి లోకమంతా గొప్పగా చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి. దాంతో కాపరం చేసేవాళ్ళకి తెలుసు దాని సంగతి.

గంగరాజు ఎలాంటి మనిషంటే, అమలాపురం బస్సులో ఎవరో బూటుకాలితో తన పాదం తొక్కి నించుంటే, రావులపాలెం దాకా కిక్కురుమనకుండా ఉండి, దిగేటప్పుడు ఆ మనిషికే "వస్తానండి" అని చెప్పి దిగాడు. పెళ్ళిభోజనంలో చారులో ఉప్పు లేకపోతే బావుందని మారు వడ్డించుకుంటాడు. ఆయన భార్య లక్ష్మీదుర్గ మాత్రం అలా కాదు. ఇంట్లో ఒకరైనా నోరున్నవాళ్ళు లేకపోతే సంసారం గట్టెక్కదని ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే అర్థమైపోయింది.

గేదెల పాకకి వెనక గోడ ఉంది. గోడ అవతల దానియేలు మాస్టారి వంటిల్లు. మాస్టారు జిల్లాపరిషత్ బళ్ళలో లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరై, ఆ స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. ఊళ్ళో అందరి దగ్గరా దండిగా ఉన్న మొహమాటం ఆయన దగ్గర చిటికెడు కూడా దొరకదు. ఇంకెవరైనా అయితే "గాలి కొంచెం ఇటు తిరిగినట్టుందండి" అని ఊరుకునేవారు. ఆయన గోడ మీంచి తలపెట్టి, "గంగరాజు గారూ, మీ పాక కంపు కొడుతోందండి" అనేవారు. గంగరాజు "ఆయ్" అనేవాడు. అంతటితో సరిపోయేది.

కంపొక్కటే అయితే అలాగే ఏళ్ళు గడిచిపోయేవేమో. పాక కడిగిన నీళ్ళూ, గోబర్ గ్యాస్ తొట్టి నుంచి పొర్లిన నీళ్ళూ పక్కనున్న పంటబోదెలోకి, అంటే పొలాలకి నీళ్ళెళ్ళే పిల్లకాలవలోకి, పోయేవి. ఆ నీళ్ళు తాగి బోదెలో గుర్రపుడెక్క ఏనుగు చెవులంత ఆకులేసింది. కింద నీరు కదలదు, పైన దోమలు కదులుతాయి. మాస్టారు పంచాయతీకి ఫిర్యాదు ఇచ్చారు.

ఆ సంగతి చెప్పడానికి సర్పంచి వెంకటస్వామి స్వయంగా వచ్చాడు. వచ్చి కాఫీ తాగాడు. కొబ్బరి ధర గురించి మాట్లాడాడు. ఇంకో కాఫీ తాగాడు. లేచి గేటు దాకా వెళ్ళి, చెప్పులేసుకుంటూ, ఏమీ అనుకోవద్దనీ, వీలు చూసుకునే సుమండీ, గేదెల్ని ఊరి అవతలికి మార్చుకుంటే బావుంటుందని అందరూ అనుకుంటున్నారనీ చెప్పాడు. గంగరాజు అలవాటు కొద్దీ "ఆయ్, అలాగేనండి" అనేశాడు. సర్పంచి వీధి మలుపు తిరిగాక గానీ ఒప్పుకున్నదేమిటో బుర్రకెక్కలేదు.

"ఊరవతల మనకేవుందని అలాగేనన్నారు?" అంది లక్ష్మీదుర్గ.

ఆమె అన్నది నిజమే. ఊరవతల ఉన్న చేను రొయ్యల చెరువులకి కౌలుకిచ్చేశారు. చుట్టూ ఉప్పునీళ్ళు. గేదెలు మూతి పెట్టవు. మార్చడమంటే అమ్మేయడమే. గంగరాజుకి ఆ గేదెలంటే ప్రాణం. మనుషుల దగ్గర నోరు పెగలనివాడు వాటి దగ్గర గంటల తరబడి మాట్లాడేవాడు. తొక్కితే తొక్కావని చెప్పేవాడు, పాలు తక్కువిస్తే నిలదీసేవాడు. లోకంలో ఆయన మొహమాటం లేకుండా బతికే చోటు ఆ పాక ఒక్కటే. అది పోతుందంటే అన్నం సయించలేదు.

అప్పుడొచ్చింది వాణి. వ్యవసాయ పరిశోధన చేసే ఒక సంస్థలో పనిచేసే అమ్మాయి. కొబ్బరిచెట్ల తెగుళ్ళు చూడ్డానికి వస్తే లక్ష్మీదుర్గ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బోదె చూపించింది. వాణి గుర్రపుడెక్కని చూసి, గేదెల్ని చూసి నవ్వింది. ఈ కలుపు ఇంత బలిసిందంటే దానికి భాస్వరం దండిగా అందుతోందని చెప్పింది. కొట్టుకెళ్ళి డీఏపీ బస్తాల్లో కొని తెచ్చుకునే భాస్వరమే, గేదెలు రోజూ ఊరికే బోదెలో పారబోస్తున్నాయని అంది. దాన్ని పట్టి వెనక్కి తీసుకుంటే బోదె బాగుపడుతుంది, పొలానికి ఎరువూ దొరుకుతుంది.

పద్ధతి కూడా ఆమే చూపించింది. గోబర్ గ్యాస్ తొట్టి నుంచి బయటికొచ్చే పేడనీళ్ళు వడగట్టాలి. తేరిన నీళ్ళు డ్రమ్ములో పోసి, కొబ్బరాకు పసుపెక్కితే వేసే మెగ్నీషియం సల్ఫేటు కలపాలి. చేపల తొట్టెలో బుడగలు ఊదే మోటారు లాంటిది ఒకటి పెట్టి గాలి కొట్టించాలి. అప్పుడు నీళ్ళలో కరిగి కనపడకుండా ఉన్న భాస్వరం తెల్లటి నలుసులై అడుగుకి దిగుతుంది. ఎండబెడితే ఎరువు.

వాణి పంచాయతీకి కూడా వెళ్ళి మాట్లాడింది. కార్తీకం దాకా ఆగమంది. ఈలోగా బోదె తేరుకుని, ఈ పొడి పదిమందీ వాడి చూసి బాగా పనిచేసిందని చెబితే గేదెలు ఊళ్ళోనే ఉండొచ్చు. లేకపోతే వెళ్ళాలి. ఎరువంటే బస్తాల్లో వచ్చేదేననుకున్న వెంకటస్వామి సరేనన్నాడు. దానియేలు మాస్టారు కూడా సరేనని, "మాటలు కాదండి, మొక్క చెప్పాలి" అన్నారు.

గంగరాజు ఆ డ్రమ్ముకి గేదెకి చేసినంత సేవ చేశాడు. మొదటిసారి అడుగున తేరినదాన్ని గుడ్డ మీద ఆరబోసి చూసుకుంటే కళ్ళు చెమర్చాయి. కల్లుప్పు కన్నా సన్నం, బొంబాయి రవ్వ కన్నా ముతక, మల్లెపువ్వంత తెలుపు. ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏ వాసనా లేదు. పేడలోంచి ఇలాంటిది వస్తుందని తన తండ్రికి తెలిస్తే నమ్మేవాడు కాదనుకున్నాడు.

ఇంక పంచాలి. లక్ష్మీదుర్గ సంచుల్లో పోసిస్తే బావుండదని, ఇంట్లో దాచిపెట్టిన ఆత్రేయపురం పూతరేకుల ఖాళీ అట్టపెట్టెలు తీసి, వాటిలో పొడి నింపి, పైన దారం కట్టింది. మా ఇళ్ళకి వచ్చినవాళ్ళని వట్టి చేతులతో పంపించం. కొబ్బరికాయలో, నిమ్మకాయలో, ఏదో ఒకటి చేతిలో పెడతాం. ఇప్పుడు ఈ పెట్టెలు పెట్టడం మొదలైంది.

ఇక్కడే మొహమాటం తన పని తాను చేసింది. వచ్చినవాళ్ళని గంగరాజు భోజనానికి కూర్చోబెట్టేవాడు. అన్నం తినే మనిషి ముందు పేడ మాట ఎలా ఎత్తడం? తిన్నాక చెబుదామంటే, తిన్నది ఇంకా అరగలేదు. గేటు దగ్గర చెబుదామంటే, వెళ్ళే మనిషిని ఉచ్చ మాటతో సాగనంపడం ఏం బావుంటుంది? అందుకని పెట్టె చేతిలో పెట్టి, "ఉంచండి, చాలా మంచిదండి. కొంచెం కొంచెం వాడండి" అనేవాడు. అయినా ఊరంతా డ్రమ్ము చూస్తూనే ఉంది కదా, తెలిసే ఉంటుందిలే అనుకున్నాడు.

ఊరంతా డ్రమ్ము చూసిన మాట వాస్తవం. డ్రమ్మూ, పైపూ, లోపల బుడబుడలూ చూసి, పాపం గంగరాజు గారు గేదెల బెంగతో నాటుసారా కాయడంలోకి దిగిపోయాడని ఊరు గట్టిగా నమ్మింది. అడిగితే నొచ్చుకుంటాడని ఎవరూ అడగలేదు. పాక ముందు నుంచి వెళ్ళేటప్పుడు మర్యాదగా మొహం అటు తిప్పుకునేవారు. పెట్టెలో ఉన్నదేమిటనీ అడగలేదు. ప్రేమగా ఇచ్చినదాన్ని ఇదేంటని అడిగితే ఇచ్చినవాడి మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? అందుకని ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడుకున్నారు.

దానియేలు మాస్టారికి ఇవ్వాలా వద్దా అని గంగరాజు తర్జనభర్జన పడ్డాడు. వీధంతా ఇచ్చి ఒక్క ఇల్లు వదలడం తప్పని చివరికి గోడ మీంచి పెట్టె అందించాడు. మాస్టారు అక్కడికక్కడే దారం తెంపి, పెట్టె తెరిచి చూశారు.

"ఏంటండీ ఇది?"

"మంచిదండి. బలానికండి."

"ఎవరి బలానికండి?"

గంగరాజు గేదెల వైపు చూశాడు. మాస్టారు వదల్లేదు. బడిలో ఎక్కం రాని పిల్లాణ్ణి నిలబెట్టినట్టు నిలబెట్టి, మొక్కల బలానికనీ, పేడనీళ్ళలోంచి తీసిందనీ, మొక్కకి చెంచాడు చొప్పున వెయ్యాలనీ మొత్తం కక్కించారు. విని, పెట్టె పట్టుకుని లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. పారేసి ఉంటారని గంగరాజు ఖాయం చేసుకున్నాడు.

వానలు తగ్గుముఖం పట్టాయి. బోదెలో గుర్రపుడెక్క పలచబడి నీళ్ళు కనపడసాగాయి. గంగరాజు ఎదురుపడ్డవాళ్ళనల్లా "ఎలా ఉందండీ?" అని అడిగేవాడు. అందరూ ఒకటే మాట, చాలా బావుందండీ అని. గంగబాబు అనే ఆటో అతనైతే ఇంకో పెట్టె కూడా పట్టుకెళ్ళాడు. గంగరాజు పాకలోకెళ్ళి, ఇంక భయం లేదని గేదెలకి చెప్పాడు.

కార్తీకంలో వాణి వచ్చింది. పంచాయతీ ఆఫీసు వరండాలో బల్లలు వేశారు. పెట్టెలు తీసుకున్నవాళ్ళందరూ వచ్చారు. దానియేలు మాస్టారు చివర్న గోడకి ఆనుకుని కూర్చున్నారు. గంగరాజు కొత్త చొక్కా వేసుకున్నాడు.

ముందు చిన్నమ్మలు గారిని అడిగింది వాణి. చిన్నమ్మలు వీధి చివరింటి పెద్దావిడ, ఊళ్ళో అందరికీ పిన్నిగారే.

"చాలా బావుందమ్మా."

ఎంత మోతాదులో వాడారని అడిగింది వాణి.

"పొద్దున్నే వేణ్ణీళ్ళలో ఓ చెంచాడమ్మా. మోకాళ్ళ నొప్పి సగానికి సగం తగ్గింది."

వాణి రాసుకోబోయి ఆగింది. ఆటో గంగబాబు వైపు తిరిగింది. గిన్నెలు తోమితే అద్దంలా ఉంటున్నాయని అతను చెప్పాడు. పక్కనున్నాయన పళ్ళపొడిగా వాడి, ఇంత మంచి పళ్ళపొడి తన జన్మలో చూడలేదన్నాడు. ఇంకొకావిడ ఆవకాయతో పాటు సగం పెట్టె దోహాలో ఉన్న కొడుక్కి పంపించింది. అక్కడ గదిలో ఉన్నవాళ్ళందరికీ నచ్చిందట, దేనిలో వేసుకున్నారో ఫోనులో సరిగా తెలియలేదట.

ఇదంతా వింటూ తలాడిస్తున్న సర్పంచి వెంకటస్వామి నుదుటి మీద మూడు తెల్లటి గీతలున్నాయి. వాణి చూపు అక్కడ ఆగింది. ఆయన అది గమనించి, గంగరాజు గారు శ్రీశైలం వెళ్ళొచ్చిన తర్వాత ఇచ్చిన విభూతి అని భక్తిగా చెప్పాడు.

ఆ విభూతి ఏమిటో గంగరాజుకి అర్థమైంది. శ్రీశైలం వెళ్ళింది పోయినేడాది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఊరి దృష్టిలో పరువు నిలుస్తుంది. అందరూ చాలా బావుందన్నట్టే ఉంటుంది. కానీ చిన్నమ్మలు గారు రేపు పొద్దున్న మళ్ళీ చెంచాడు వేసుకుంటుంది. ఆయన లేచి నించున్నాడు. చొక్కా గుండీ సవరించుకున్నాడు. లక్ష్మీదుర్గ వెనక నుంచి వీపులో పొడిచింది.

"అది పేడనీళ్ళలోంచి తీసిందండి" అన్నాడు. "ఉచ్చ కూడా ఉంటాదండి. పొలానికండి. తినడానిక్కాదండి."

పళ్ళపొడి ఆయన నెమ్మదిగా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకున్నాడు. వెంకటస్వామి నుదుటి దాకా చెయ్యి తీసుకెళ్ళి, తుడుచుకుంటే గంగరాజు నొచ్చుకుంటాడని దించేశాడు. విభూతి కూడా పేడతోనే చేస్తారు కదండీ అని తనే సర్దిచెప్పుకున్నాడు. అది ఆవుపేడండీ అని ఎవరో మెల్లగా అన్నారు. చిన్నమ్మలు గారు గంగరాజు మొహం చూసింది. తల దించుకుని నించున్న ఆ మనిషిని చూస్తే ఆవిడకి జాలేసింది.

"అయినా బావుందిలే బాబూ" అంది.

వాణి నవ్వాపుకోలేక, కంగారూ ఆపుకోలేక, ఇంకెవరూ దాన్ని నోట్లో పెట్టుకోవద్దని గట్టిగా చెప్పింది. కడుపునొప్పులేమైనా వచ్చాయేమోనని ఒక్కొక్కర్నీ అడిగింది. వచ్చినా ఎవరూ చెప్పేలా లేరు. తర్వాత బోదె తేరుకున్న మాట నిజమే గానీ, మొక్కకి వేసి చూసినవాళ్ళు ఒక్కరైనా లేకుండా పనిచేసిందని తను ఎలా చెప్పగలనంది. వెంకటస్వామి చాలా బాధపడుతూ, ఏమీ అనుకోవద్దండీ అని మొదలుపెట్టాడు. ఆ మాట ఎక్కడికి వెళ్తుందో గంగరాజుకి తెలుసు. ఆరు గేదెల మొహాలూ వరసగా కళ్ళ ముందు కనపడ్డాయి.

"నేనేసేనండి" అన్నారు దానియేలు మాస్టారు.

అందరూ వెనక్కి తిరిగారు. ఈ ఊళ్ళో ఆ గేదెలు పోవాలని కోరుకున్న మనిషి ఆయన ఒక్కరే. ఆయన నోరు మూసుకుంటే చాలు, కోరిక తీరిపోయేది. ఆయన లేచి తన పెరటికి దారితీశారు. అక్కడ రెండు వంగమళ్ళు ఉన్నాయి. ఒకే విత్తనం, ఒకే నీళ్ళు. ఒక మడికి పొడి వేశారు, రెండోదానికి వెయ్యలేదు. వెయ్యని మడి మోకాలి దగ్గరే ఆగిపోయింది. వేసిన మడి నడుము దాకా లేచి, కాయల బరువుకి కొమ్మలు వంగి ఉంది. వాణి ఒక్కో మొక్క పీకి వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపించింది.

"పొడి పనిచేసింది. అది రాసుకోండమ్మా" అన్నారు మాస్టారు. "వాసన అలాగే ఉంది. అదీ రాసుకోండి."

గేదెలు ఉండొచ్చని వెంకటస్వామి అక్కడే తేల్చేశాడు. జనం గంగరాజు చేతులు పట్టుకుని అభినందించి, ఎవరిళ్ళకి వాళ్ళు గబగబా వెళ్ళి నోళ్ళు పుక్కిలించుకున్నారు.

మర్నాడు సాయంత్రం గంగరాజు మాస్టారింటికి వెళ్ళాడు. పక్కపక్కనే ఉంటున్నా గడప లోపలికి వెళ్ళడం అదే మొదలు. ఎందుకు చెప్పారండీ అని అడిగాడు. అడిగారు కాబట్టి చెప్పానన్నారు మాస్టారు. గంగరాజు ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగని మాట అడిగాడు.

"వాసన నిజంగా అంత వస్తాదాండి?"

మాస్టారు వంటింట్లో కిటికీ దగ్గర కుర్చీ వేశారు. గంగరాజు కూర్చున్నాడు. పాకలో ఉన్నంతసేపూ ఆయనకి గేదెలు కనిపించేవి, వాసన తెలిసేది కాదు. ఇక్కడ గేదెలు కనపడవు. గాలి తిరిగింది. గోడ పక్కనే ఉన్న పేడగుంత వాసన గుప్పుమని మొహానికి కొట్టింది. ఆయన ముక్కు మూసుకోబోయి ఆగాడు.

"కంపండి మాస్టారు" అన్నాడు. ఒక మనిషి మొహం మీద ఆయన అంత సూటిగా మాట్లాడింది పుట్టి బుద్ధెరిగాక అదే.

మాస్టారు పొయ్యి పక్కన నించుని ఉన్నారు. ఆయన తండ్రి ఎలీషా ఒకప్పుడు ఆ పాకలోనే, గంగరాజు తండ్రి దగ్గర, పేడ తీసేవాడు. అది ఇద్దరికీ తెలుసు. మర్యాద కాదని ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు.

"బడి బట్టలకి ఈ వాసన అంటుకుంటాదని, మా నాన్న నన్నెప్పుడూ దగ్గరికి తీసుకునేవారు కాదండి" అన్నారు మాస్టారు. "కిటికీ తెరిస్తే ఆయన అక్కడ నించున్నట్టుంటాది. దగ్గరికి రారు."

గంగరాజు నోటిదాకా ఒక మాట వచ్చింది. ఇది చెప్పకూడని మాట. కానీ ఈ ఇంట్లో కూర్చుని దాచడం అంతకన్నా తప్పనిపించింది.

"నన్నైతే భుజాల మీద ఎక్కించుకునేవారండి" అన్నాడు.

"తెలుసండి" అన్నారు మాస్టారు. "గోడ మీంచి చూసేవోణ్ణి."

గంగరాజు లేచి, చెయ్యెత్తి దణ్ణం పెట్టి, వెలుతురు ఉండగానే ఇంటికొచ్చి పార తీశాడు. తన పడకగది కిటికీ కింద కొత్త పేడగుంత తవ్వడం మొదలుపెట్టాడు. కారణమేంటని లక్ష్మీదుర్గ గుమ్మంలోంచి అడిగింది. ఆయన తవ్వుతూనే అంతా చెప్పాడు. ఆమె లోపలికెళ్ళి రెండో పార తెచ్చుకుంది.